నల్లబల్ల మీద చెరపని మాట

మా కంప్యూటర్ గదిలో నల్లబల్ల మీద కుడివైపు మూల ఒక ఇంగ్లీషు మాట ఉంటుంది. రోజూ బల్ల తుడిచే పిల్లలు దాని చుట్టూ తుడుస్తారు గానీ దాన్ని మాత్రం ముట్టుకోరు. ఆ మాట పర్సిస్టెన్స్. మొత్తం పదకొండు అక్షరాలు. అందులో ఎనిమిదో అక్షరం కింద ఎర్ర సుద్దతో రెండు గీతలు కొట్టి ఉంటాయి. అది 'ఈ', 'ఏ' కాదు. ఆ ఒక్క అక్షరం ఒక పిల్ల కళ్ళలో నీళ్ళు తెప్పించింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మా ఊరు దివిసీమలో ఉంది. ఇక్కడి జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను ఫిజిక్స్ చెబుతాను. కంప్యూటర్ గది తాళం కూడా నా దగ్గరే ఉంటుంది. గదిలో పదకొండు కంప్యూటర్లుంటే ఏడింటికి హార్డ్‌డిస్కులు పోయాయి. ఉప్పుగాలి వల్లో, కరెంటు వస్తూ పోతూ ఉండటం వల్లో, వయసు మీదపడో, ఒకదాని తర్వాత ఒకటి మూలపడ్డాయి. ప్రాసెసర్, ర్యామ్, తెర, కీబోర్డు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. వాటిని పాత సామానుకు వేసెయ్యడానికి మనసొప్పలేదు. మా పూర్వ విద్యార్థులు కొందరు 32 జీబీ పెన్‌డ్రైవులు పద్నాలుగు కొనిచ్చారు. ఇద్దరు పిల్లలకు ఒకటి చొప్పున ఇచ్చి, వాటి మీద డెబియన్ లైవ్ లైనక్స్ నడుపుతున్నాం.

లైవ్ లైనక్స్ అంటే కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవు నుంచో డీవీడీ నుంచో నేరుగా నడిచే లైనక్స్. జర్మనీకి చెందిన క్లౌస్ క్నాపర్ 2000లో క్నాపిక్స్ పేరుతో ఒక సీడీ తెచ్చాక ఈ పద్ధతి జనంలోకి బాగా వెళ్ళింది. సీడీ పెట్టి కంప్యూటర్ ఆన్ చేస్తే చాలు, డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. కంప్యూటర్లోని విండోస్ జోలికి పోదు. పని అయ్యాక సీడీ తీసేస్తే అది అక్కడ నడిచిన ఆనవాలు కూడా మిగలదు.

ఇబ్బంది కూడా అక్కడే ఉంది. రాసిన ఫైలు, మార్చిన కీబోర్డు, పెట్టుకున్న ఫాంటు, ఏదైనా సరే షట్‌డౌన్ చేయగానే పోతుంది. మర్నాడు ఆన్ చేస్తే ఎక్కడి గొంగళి అక్కడే.

పిల్లలకు దీన్ని చెప్పడానికి మా సోషల్ మాస్టారి దగ్గర ట్రేసింగ్ పేపరు అడిగి తెచ్చాను. గోడకున్న భారతదేశ పటం మీద పేపరు పరిచి, గోదావరి మీదుగా పెన్సిలుతో గీశాను. దూరం నుంచి చూస్తే పటం మీదే గీసినట్టుంది, కానీ కింద పటం శుభ్రంగానే ఉంది. లైవ్ లైనక్స్ లోపల జరిగేది సరిగ్గా ఇదే. సిస్టమ్ మొత్తం స్క్వాష్ఎఫ్ఎస్ అనే పద్ధతిలో కుదించి ఒకే ఫైలుగా ఉంటుంది. అది గోడ మీది పటం. చదవొచ్చు, అందులో రాయలేం. దాని మీద ట్రేసింగ్ పేపరులా మరో పొర పరుస్తారు. మనం రాసేవన్నీ ఆ పై పొరలోకే వెళతాయి. రెండు పొరల్నీ కలిపి ఒకే సిస్టమ్‌లా చూపించే ఏర్పాటు పేరు ఓవర్‌లే ఎఫ్ఎస్. లైనక్స్‌కు గుండెకాయ లాంటిది కెర్నల్; 2014 చివర్లో వచ్చిన 3.18 కెర్నల్‌తో అది లైనక్స్‌లో భాగమైంది. అంతకుముందు ఇదే పని కోసం ఏయూఎఫ్ఎస్ లాంటివి విడిగా చేర్చుకునేవారు.

కింద పొరలో ఉన్న ఫైలును మనం డిలీట్ చేస్తే ఏమవుతుంది? "పటం మీదున్న ఊరి పేరు కనబడకుండా చెయ్యాలంటే ఎట్లా?" అని పిల్లల్ని అడిగితే, "ట్రేసింగ్ పేపరు మీద అక్కడ తెల్ల కాగితం ముక్క అంటించాలి టీచర్" అని ఒకడు చెప్పాడు. వాడు చెప్పింది అక్షరాలా నిజం. ఓవర్‌లే చేసేది అదే. ఫైలు కింద అలాగే ఉంటుంది, పైన మూత పడుతుంది. అందుకే లైవ్ లైనక్స్‌తో వచ్చిన పెద్ద ప్రోగ్రాములు తీసేసినా పెన్‌డ్రైవులో ఒక్క ఎంబీ కూడా మిగలదు.

మామూలుగా ఆ ట్రేసింగ్ పేపరు ర్యామ్‌లో ఉంటుంది. కరెంటు పోతే ర్యామ్‌తోపాటు పేపరూ పోతుంది. ఆ పేపరును ర్యామ్‌లో కాకుండా పెన్‌డ్రైవు మీదే పరిచి భద్రంగా ఉంచడాన్ని పర్సిస్టెన్స్ అంటారు. చేసే పని చిన్నదే, కానీ ఒక్కొక్క అడుగూ చూసి వెయ్యాలి.

డెబియన్ లైవ్ ఇమేజ్‌ను పెన్‌డ్రైవు మీదికి ఉన్నదున్నట్టు దింపితే అది కాస్త చోటే తీసుకుంటుంది. మిగతా చోటు ఎవరికీ చెందకుండా పడి ఉంటుంది. ఆ ఖాళీలో కొత్త పార్టిషన్ చెయ్యాలి. నేనీ పని ఇంకో లైనక్స్ కంప్యూటర్లో చేస్తాను. మొట్టమొదట ఎల్ఎస్‌బీఎల్‌కే అనే కమాండ్ కొట్టి తగిలించి ఉన్న డిస్కులన్నీ చూస్తాను. నా కంప్యూటర్లోని 500 జీబీ డిస్కు అక్కడ 465.8 అని కనబడుతుంది. 32 జీబీ పెన్‌డ్రైవు 30 లోపు చూపిస్తుంది. తయారుచేసేవాళ్ళు వెయ్యి లెక్కన కడితే లైనక్స్ 1024 లెక్కన కడుతుంది, తేడా అందుకే. ఆ అంకెల్ని పైకి చదివి, పక్కన ఎవరైనా ఉంటే వాళ్ళ చేత కూడా చదివించి అప్పుడు ముందుకు పోతాను. ఇక్కడ ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లలో ఒక్క అక్షరం తారుమారైతే తుడిచిపెట్టుకుపోయేది పెన్‌డ్రైవు కాదు, మన ఇంటి ఫొటోలున్న డిస్కు.

పెన్‌డ్రైవు ఎస్‌డీబీ అనుకుందాం. లైవ్ ఇమేజ్ తాలూకు రెండు పార్టిషన్లు అప్పటికే దాని మీద ఉంటాయి. ఎఫ్‌డిస్క్‌తో మూడోది చేస్తాను. దాన్ని ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేస్తూ లేబుల్‌గా పర్సిస్టెన్స్ అని పెడతాను. అన్నీ చిన్న బడి ఇంగ్లీషు అక్షరాలే ఉండాలి. తర్వాత ఆ పార్టిషన్‌ను మౌంట్ చేసి, అందులో పర్సిస్టెన్స్ డాట్ కాన్ఫ్ అనే టెక్స్ట్ ఫైలు ఒకటి పెడతాను. ఆ ఫైల్లో ఉండేది ఒకే ఒక్క వరస. అయితే ఏ వరస పెట్టాలన్నది తేల్చుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఎక్కడ చూసినా చెప్పేది ఇదే: ఒక స్లాష్ కొట్టి, ఖాళీ వదిలి, యూనియన్ అని రాయమని. అంటే సిస్టమ్‌లో ఏ మూల ఏ మార్పు జరిగినా అంతా గుర్తుపెట్టుకోమని. మొదట నేనూ అలాగే చేశాను. పదిహేను రోజులకే రెండు పెన్‌డ్రైవులు మొరాయించాయి. పిల్లలు ఉత్సాహం కొద్దీ అప్‌డేట్ నొక్కారు. అప్‌డేట్ అయిన ప్రతి ఫైలూ కొత్తగా పై పొరలో చేరింది, పాతది కింద అలాగే ఉండిపోయింది. కొత్త కెర్నల్ కూడా దిగింది గానీ ఒక్కరోజూ పనికి రాలేదు. ఎందుకంటే పెన్‌డ్రైవు ఆన్ అయ్యేది ఇమేజ్‌లో ఉన్న పాత కెర్నల్‌తోనే. ఒక కుర్రాడు ప్యానెల్ ప్రోగ్రామునే తీసేశాడు. ఆ తీసేయడం కూడా సిస్టమ్ నమ్మకంగా గుర్తుపెట్టుకుంది.

అన్నీ గుర్తుపెట్టుకునే యంత్రం పిల్లల చేతికి ఇవ్వకూడదని అప్పుడు తేల్చుకున్నాను. ఆ వరస చెరిపేసి, స్లాష్ పక్కన హోమ్ అని మాత్రం రాశాను. ఇప్పుడు పిల్లల హోమ్ ఫోల్డర్ ఒక్కటే పెన్‌డ్రైవులో నిలుస్తుంది. మిగతా సిస్టమ్ రోజూ పొద్దున్నే కొత్తగా, ఏ గాయమూ లేకుండా లేస్తుంది. హోమ్ బయట ఎవరేం పాడుచేసినా రీస్టార్ట్ చేస్తే సరి. పిల్లలు రాసినవి, గీసినవి, వాళ్ళ సెట్టింగులు మాత్రం పోవు. తెలుగు కీబోర్డు లేఅవుట్ లైనక్స్‌లో ముందే ఉంటుంది. దాన్ని ఎంచుకున్నామన్న సంగతి హోమ్‌లోనే దాక్కుని ఉంటుంది కాబట్టి అదీ నిలుస్తుంది. తెలుగు ఫాంట్లు కూడా హోమ్ లోపల ఫాంట్ల ఫోల్డర్ చేసి అందులో పెట్టాను. మండలి, రామభద్ర మా పిల్లలకు ఇష్టం. సొంతంగా ఒక్కరే వాడుకునేవాళ్ళు, కొత్త ప్రోగ్రాములు వేసుకోవాల్సినవాళ్ళు యూనియన్ పెట్టుకోవచ్చు, తప్పులేదు. బళ్ళో మాత్రం హోమ్ చాలు.

పార్టిషన్, లేబుల్, ఫైలు అన్నీ ఉన్నా సరిపోదు. ఆన్ చేసేటప్పుడు కూడా సిస్టమ్‌కు ఆ మాట చెప్పాలి. మా పాత బయోస్ కంప్యూటర్లలో మెనూ రాగానే ట్యాబ్ నొక్కితే కింద పొడవాటి వరస ఒకటి కనబడుతుంది. దాని చివర ఒక ఖాళీ వదిలి పర్సిస్టెన్స్ అని కొట్టి ఎంటర్ నొక్కాలి. కొత్త కంప్యూటర్లలో అయితే గ్రబ్ మెనూ దగ్గర 'ఈ' నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే వరస చివర ఇదే మాట చేర్చి ఎఫ్10 నొక్కాలి. ఇమేజ్‌లో మనం రాయలేం కాబట్టి ఈ మెనూను శాశ్వతంగా మార్చే వీలు లేదు. అందుకే మా పిల్లలు ప్రతి క్లాసు మొదట్లో ఆ పదకొండు అక్షరాలు కొడతారు.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి వాళ్ళ అమ్మమ్మ చెప్పిన ఉప్పెన కథను తెలుగులో టైపు చేస్తోంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన. దివిసీమలో ఆ తేదీ తెలియని ఇల్లు ఉండదు. నాలుగు క్లాసుల్లో రెండు పేజీలు అయ్యాయి. ఐదోరోజు ఆన్ చేసి నా దగ్గరకు పరుగెత్తుకొచ్చింది. "టీచర్, రాసిందంతా పోయింది. ఫోల్డరే లేదు." నేను వెళ్ళి చూస్తే నిజంగానే డెస్క్‌టాప్ బోసిగా ఉంది. పెన్‌డ్రైవు పాడైందనుకున్నాను. "పోనీలేమ్మా, మళ్ళీ మొదలుపెట్టు" అన్నాను. పీరియడ్ అంతా కూర్చుని, తాటిచెట్టు పట్టుకుని తెల్లవారేదాకా అమ్మమ్మ ఎట్లా నిలబడిందో రాసింది. బెల్లు కొట్టగానే షట్‌డౌన్ చేసింది.

మర్నాడు ఆ పిల్ల మాట కొడుతుంటే వెనక నిలబడి చూశాను. ఈసారి సరిగ్గా కొట్టింది. పాత రెండు పేజీలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. లేనిది నిన్నటి తాటిచెట్టు. జరిగిందేమిటో అప్పుడర్థమైంది. ముందురోజు ఎనిమిదో అక్షరం దగ్గర 'ఈ' బదులు 'ఏ' కొట్టింది. తెలియని మాట కనబడితే లైవ్ లైనక్స్ తప్పని చెప్పదు, ఆగదు, హెచ్చరించదు. మామూలుగా, ర్యామ్ మీదే పొర పరుచుకుని లేచి కూర్చుంటుంది. పాత పేజీలు పెన్‌డ్రైవులో భద్రంగా ఉన్నా వాటిని తెరవలేదు. కొత్తగా రాసింది నీళ్ళ మీద రాతయింది. ఆ అమ్మాయి మళ్ళీ రాసింది. "నిన్న రాసినట్టు రాలేదు టీచర్" అంది. తప్పు ఆ పిల్లది కాదు, నాది. ఏదీ కనబడనప్పుడు కొత్తగా మొదలుపెట్టమని చెప్పే ముందు నేను ఒక్కసారి రీస్టార్ట్ చేయించి చూడాల్సింది. లేబుల్లో మొదటి అక్షరం పెద్దబడిలో పడినా ఇదే మౌనం.

అప్పటినుంచి మాకో నియమం ఉంది. ప్రతి పెన్‌డ్రైవు డెస్క్‌టాప్ మీదా "ఉన్నాను" అనే ఖాళీ ఫైలు ఒకటి పెట్టాం. ఆన్ చేయగానే అది కనబడితేనే పని మొదలు. కనబడకపోతే ఏమీ రాయకుండా రీస్టార్ట్.

ఉబుంటు వాడేవాళ్ళు ఒక తేడా గమనించాలి. అక్కడ కొట్టాల్సిన మాట పర్సిస్టెంట్, పార్టిషన్ లేబుల్ రైటబుల్. పాత ఉబుంటుల్లో ఆ లేబుల్ క్యాస్పర్-ఆర్‌డబ్ల్యూ. ఒకదాని మాట ఇంకోదానికి పెడితే పనిచేయదు, ఎందుకు పనిచేయడం లేదో కూడా చెప్పదు.

మరిచిపోవడమే మేలయిన చోట్లూ ఉన్నాయి. టెయిల్స్ అనే లైవ్ లైనక్స్‌ను కట్టిందే అందుకోసం. ఎడ్వర్డ్ స్నోడెన్ ఇచ్చిన పత్రాల మీద పనిచేసిన పాత్రికేయులు తాము దాన్ని వాడామని చెప్పారు. అందులో కూడా కావాలంటే కొంత దాచుకునే వీలుంది గానీ ఆ దాచుకునే చోటు తాళం వేసే ఉంటుంది, పాస్‌వర్డ్ లేనిదే తెరుచుకోదు. డెబియన్‌లో మనం చేసే పార్టిషన్‌కు అలాంటి తాళం దానంతటది రాదు. పెన్‌డ్రైవు ఎవరికి దొరికితే వాళ్ళు చదివేస్తారు. పిల్లల పాఠాలకు ఫర్వాలేదు గానీ బ్యాంకు కాగితాలు పెట్టుకునేవాళ్ళు ఆ పార్టిషన్‌ను లక్స్ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసుకోవాలి.

ఇంకొక్కటి. పని అయ్యాక షట్‌డౌన్ పూర్తయ్యేదాకా పెన్‌డ్రైవు లాగొద్దు. సేవ్ నొక్కిన ఫైలు వెంటనే పెన్‌డ్రైవులోకి వెళ్ళదు, కాసేపు ర్యామ్‌లోనే ఆగి వెళుతుంది. పెన్‌డ్రైవులు కలకాలం ఉండవు కూడా. రాసిరాసి వాటి ఫ్లాష్ మెమరీ అరిగిపోతుంది. మా పద్నాలుగింటిలో మూడు ఇప్పటికే పోయాయి. అయినా పిల్లల రాతలు పోలేదు. ప్రతి శనివారం హోమ్ ఫోల్డర్లన్నీ నేను ఇంకో డిస్కులోకి కాపీ చేస్తాను. ఆ అమ్మాయి ఉప్పెన కథ ఇప్పుడు తన పెన్‌డ్రైవులో, నా డిస్కులో, హెడ్మాస్టారి బీరువాలో ప్రింటు తీసిన కాగితాల మీద ఉంది.

మీ ఇంట్లోనో ఆఫీసులోనో హార్డ్‌డిస్కు పోయి మూలన పడ్డ కంప్యూటర్ ఉంటే పాత సామానుకు వేసెయ్యకండి. దగ్గర్లోని సర్కారు బడి టీచరుకు ఒక్క ఫోన్ చెయ్యండి. తెర వెలుగుతూ, కీబోర్డు పనిచేస్తూ ఉంటే చాలు, మిగతాది పెన్‌డ్రైవు చూసుకుంటుంది.