చొరవకు కొలబద్ద

ఏ వృత్తివారిలో వ్యాపార చొరవ ఎక్కువ? ఈ ప్రశ్నకు జవాబు కోసం మనస్తత్వ శాస్త్రజ్ఞులు పట్టుకున్న సాధనాల్లో కథ ఒకటి. రచయితలు గమనించవలసిన సంగతి ఇది. అమెరికన్ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్లెలాండ్ ఒక బొమ్మ చూపి కథ అల్లమనేవాడు. కథలోని పాత్ర తన పనిని ఇంకా మెరుగ్గా చేయాలని తపిస్తే దానికి మార్కులు వేసి, కథ అల్లినవాని సాధనాకాంక్షగా లెక్కగట్టేవాడు. 1961 నాటి ‘ది అచీవింగ్ సొసైటీ’లో దేశదేశాల బాలల వాచకాల కథలనూ ఇలాగే తూచాడు.

ఆ ప్రయోగం మన గడ్డకూ వచ్చింది. 1964లో కాకినాడ వ్యాపారులకు హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో ఈ పద్ధతిన శిక్షణ మొదలైంది. శిక్షణ పొందినవారు తర్వాత ఎక్కువ చొరవ చూపారని మెక్లెలాండ్, వింటర్ 1969లో ప్రకటించారు. అయితే ఆ మార్పు ప్రధానంగా కనిపించింది, వ్యాపారంలో నిర్ణయాధికారం తమ చేతిలో ఉన్నవారిలోనే.

కీలకం ఇక్కడే ఉంది. మా రెడ్డిగూడెంలో మామిడితోట కౌలుదారు, కూలీ, బడిపంతులు ఒకే బొమ్మకు కథ చెప్పారనుకుందాం. కూలీ కథలోని పాత్ర సాహసించకపోతే అది అతని స్వభావమా, అప్పు నేర్పిన జాగ్రత్తా? మార్కులు ఆ తేడా చెప్పవు. పాత్రను పరిస్థితుల నుంచి విడదీసే విమర్శను మనం ఒప్పుకోం. ఈ కొలతకూ అదే నియమం. ఎవరికెంత చొరవ ఉందని అడిగే ముందు, నష్టాన్ని తట్టుకునే స్తోమత ఎవరికుందో అడగాలి.