పడవకు రెక్కలు కట్టాం.. రెండుసార్లు విరిగాయి!

ఆ ఇంటర్వ్యూకి సర్టిఫికెట్ల ఫైలుతో పాటు ఓ చేతిసంచీ కూడా పట్టుకెళ్లాను. అందులో అడుగు పొడవున్న అల్యూమినియం పైపు ముక్క. ఒక చివర పగిలి నోరు తెరుచుకుని ఉంది. గేటు దగ్గర సెక్యూరిటీ అన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ‘ఇదేంది?’ అన్నాడు. ‘నా ప్రాజెక్టు’ అన్నాను. నవ్వి లోపలికి పంపాడు.

బీటెక్ మెకానికల్ పూర్తయి అప్పటికి పద్నాలుగు నెలలు. క్యాంపస్‌లో ఏమీ రాలేదు. రెజ్యూమేలో ప్రాజెక్టు అన్నచోట మా బ్యాచ్‌లో సగం మంది రాసిన లైనే నేనూ రాశాను. ఏ సాఫ్ట్‌వేర్‌లో మోడలింగ్ చేశామో ఉంటుంది తప్ప ఏం కట్టామో ఉండదు. ఎందుకంటే ఏమీ కట్టలేదు. ఆ పైపు ముక్క కథ సెలవు రోజుల్లో మొదలైంది.

మా పక్కింటి అంకుల్ రైల్వేలో రిటైరయ్యారు. కుర్రతనం నుంచీ హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడిపే అలవాటు. మన ఊళ్లో సెయిలింగ్ ఏంటి అనుకునేవాళ్లు వానాకాలంలో హైదరాబాద్ సెయిలింగ్ వీక్ జరిగేటప్పుడు ట్యాంక్‌బండ్ మీద ఓ గంట నిలబడి చూడండి. ఆయన దగ్గరున్నది ఫైబర్‌గ్లాస్ డింగీ. పొడవు 4.2 మీటర్లు, వెడల్పు 1.4 మీటర్లు, ఒకే తెరచాప, ఒక్క మనిషి. అరవై మూడో ఏట మోకాలు మొరాయించింది. డాక్టర్ సెయిలింగ్ వద్దనలేదు కానీ హైకింగ్ మాత్రం వద్దన్నారు. ఆ పడవలో హైకింగ్ లేకుండా సెయిలింగ్ దాదాపు లేనట్టే.

హైకింగ్ అంటే కొండలెక్కడం కాదు. గాలి తెరచాపను నెడితే పడవ ఒక పక్కకు ఒరుగుతుంది. దాన్ని ఆపడానికి నడిపేవాడు రెండో పక్క అంచు మీద కూర్చుని, పాదాలు లోపలి పట్టీ కింద దూర్చి, ఒళ్లంతా వెల్లకిలా నీళ్ల మీదకు వాలుస్తాడు. తొడలు, మోకాళ్లు, నడుము మీదే భారమంతా. కుర్రాళ్లకే పది నిమిషాల్లో కాళ్లు వణుకుతాయి.

‘ఏమయ్యా ఇంజినీర్, నేను బయటికి వాలలేను. సీటునే బయటికి జరపరాదూ?’ అన్నారాయన. తమాషాకే అన్నారు. నాకు మాత్రం ఉద్యోగం లేదు, టైం చాలా ఉంది.

ఎంత దూరం జరపాలి?

ఇక్కడ కావాల్సింది ఫస్టియర్ మెకానిక్సే. గంటకు సుమారు 29 కిలోమీటర్ల గాలి అనుకుందాం, అంటే సెకనుకు 8 మీటర్లు. ఆ తెరచాప 7 చదరపు మీటర్లు. లెక్క కడితే పక్కకు నెట్టే బలం సుమారు 320 న్యూటన్లు. ఆ బలం పనిచేసే చోటు, నీళ్లలో పడవ కింద ఉండే పలక దాన్ని అడ్డుకునే చోటు, ఈ రెంటి మధ్య ఎత్తు రెండున్నర మీటర్లు తీసుకుంటే ఒరిగించే మొమెంట్ 800 న్యూటన్ మీటర్లు.

అంకుల్ బరువు 75 కిలోలు. అంచు మీద మామూలుగా కూర్చుంటే ఆయన బరువు పడవ మధ్య గీత నుంచి 70 సెంటీమీటర్ల దూరంలో పనిచేస్తుంది. అంటే 515. దాదాపు 285 తక్కువ. పూర్తిగా హైకింగ్ చేస్తే దూరం 1.1 మీటర్లు అవుతుంది, 810 వస్తుంది. ఆ తేడా అంతా మోకాలే మోస్తోందన్నమాట. సీటును అంచు నుంచి 45 సెంటీమీటర్లు బయటికి తీస్తే 1.15 మీటర్లు, 846. కాలు మీద కాలేసుకుని కూర్చున్నా సరిపోతుంది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1880ల్లో అమెరికాలో పాల్ బట్లర్ అనే ఆయన తన కనూకి అడ్డంగా జరిగే పలక బిగించి, దాని చివర కూర్చుని నడిపాడు. ఆ స్లైడింగ్ సీటు ఇంటర్నేషనల్ కనూల మీద ఇప్పటికీ ఉంది. 1938లో ఇంగ్లండ్‌లో పీటర్ స్కాట్, జాన్ వింటర్ మాస్ట్ నుంచి వేలాడే తాడు సాయంతో పడవ బయట నిలబడి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కప్ గెలిచారు. గెలిచాక నిర్వాహకులు ఆ ట్రెపీజ్‌ను నిషేధించారు! ఆ పీటర్ స్కాట్ తర్వాత పక్షుల శాస్త్రవేత్తగా ప్రపంచానికి తెలిశారు. సిడ్నీలో పరుగులు పెట్టే 18 అడుగుల స్కిఫ్‌లకు రెండు పక్కలా రెక్కల్లాంటి ఫ్రేములుంటాయి. బ్రిటన్ పడవ ఆర్ఎస్800లో అయితే సిబ్బంది బరువును బట్టి ఆ ఫ్రేముల వెడల్పు మార్చుకోవచ్చు. సన్నగా ఉన్నవాళ్లు ఇంకాస్త బయటికి వెళ్తారు, న్యాయం కోసం.

ఇవన్నీ యూట్యూబ్‌లో చూసి తేలికే అనుకున్నాను.

మొదటి రెక్క

ఒక్కో పక్కకు రెండేసి బ్రాకెట్లు, వాటి మీద సీటు. బ్రాకెట్ అంటే 50 మిల్లీమీటర్ల అల్యూమినియం పైపు, 3 మిల్లీమీటర్ల మందం, అడుగున వెల్డ్ చేసిన ప్లేటు. ఆ ప్లేటును 15 సెంటీమీటర్ల దూరంలో రెండు బోల్టులతో డెక్‌కి బిగించాం. పైపు రాణిగంజ్‌లో కొన్నాం, వెల్డింగ్ బాలానగర్‌లో చేయించాం. ఒడ్డునే ఇసుక బస్తాలు పెట్టి చూస్తే కదల్లేదు. సెల్ఫీ కూడా దిగాం. తర్వాత మా ఫ్రెండ్ ఎక్కి కూర్చుని రెండుసార్లు ఊగాడు. టక్కుమంది. లోపలి బోల్టు చుట్టూ డెక్ మీద సాలెగూడులా పగుళ్లు.

బస్తా ఊగదు, మనిషి ఊగుతాడు. అలల మీద ఎగిరి పడతాడు. అందుకే ఈసారి బరువును రెండున్నర రెట్లు చేసి, మొత్తం ఒక్క బ్రాకెట్ మీదే పడిందనుకుని లెక్క వేశాను. 1,840 న్యూటన్లు. బయటి బోల్టు నుంచి అది అర మీటరు దూరంలో ఉంది. లోపలి బోల్టు అక్కడికి 15 సెంటీమీటర్లే. అంటే లోపలి బోల్టును పైకి లాగే బలం 6,100 న్యూటన్లు దాటుతుంది. ఆరు వందల కిలోల పైమాట! పలుచటి ఫైబర్‌గ్లాస్, రూపాయి బిళ్లంత వాషరు దాన్ని ఎక్కడ ఆపుతాయి? మేకు పీకే సుత్తి ఎలా పనిచేస్తుందో సరిగ్గా అదే మేం కట్టాం.

ఇక్కడే డిజైన్ మార్చాల్సింది. మార్చలేదు. డెక్‌లో ఉన్న చిన్న హ్యాచ్ గుండా చెయ్యి పెట్టి అడుగున పెద్ద ప్లేట్లు బిగించాం. డెక్ గట్టిపడింది, అంకుల్ నీళ్లలోకి దిగారు. మూడు వారాలు బాగానే నడిచింది. ఓ ఆదివారం సాయంత్రం గాలి విసురుకు పైపు వెల్డ్ పక్కనే విరిగి ఆయన నీళ్లలో పడ్డారు. లైఫ్ జాకెట్ ఉంది, రెస్క్యూ బోటు దగ్గర్లోనే ఉంది, ఏం కాలేదు. ఆంటీ మాత్రం నాతో నెల రోజులు మాట్లాడలేదు.

బలహీనత పోలేదు, డెక్ నుంచి పైపులోకి జరిగిందంతే.

విరిగిన ముక్క పట్టుకుని బాలానగర్ వెళ్తే వెల్డింగ్ అన్న చూసి ఒక్క మాటలో తేల్చేశాడు. ‘అల్యూమినియం గదా తమ్మీ, మంట తగిలిన కాడ మెత్తవడ్తది. గా జాగల్నే మొత్తం బరువు వెడ్తివి.’ నాలుగేళ్ల బీటెక్‌లో హీట్ ఎఫెక్టెడ్ జోన్ అన్న పదం నేను పరీక్షలో రాశాను, మార్కులూ తెచ్చుకున్నాను. ఆయన అది రోజూ చూస్తున్నాడు.

6061 టీ6 రకం అల్యూమినియం సుమారు 275 మెగాపాస్కల్ దగ్గర శాశ్వతంగా వంగడం మొదలవుతుంది. ఆ బలం దానికి హీట్ ట్రీట్‌మెంట్‌తో వచ్చింది. వెల్డింగ్ వేడి ఆ ట్రీట్‌మెంట్‌ను చెరిపేస్తుంది, వెల్డ్ చుట్టుపక్కల బలం దాదాపు సగానికి పడిపోతుంది. మా పైపు మీద గరిష్ఠ ఒత్తిడి 187. వెల్డ్ లేని పైపు దాన్ని తట్టుకుంటుంది, వెల్డ్ పక్కన తట్టుకోదు. పైగా ఆ వెల్డ్ ఉన్నది సరిగ్గా బెండింగ్ మొమెంట్ అన్నిటికంటే ఎక్కువగా ఉండే చోట, పడవ అంచు దగ్గర.

పైపును ఆపకుండా

మూడోసారి బ్రాకెట్లు తీసేశాం. కాక్‌పిట్‌కు ముందొకటి, వెనకొకటి, ఈ అంచు నుంచి ఆ అంచు దాటి బయటిదాకా ఒకే పైపు. రెండు అంచుల దగ్గర 1.3 మీటర్ల దూరంలో సాడిల్ క్లాంపులు, మధ్యలో రబ్బరు. వెల్డ్ లేదు, పైపుకి రంధ్రం కూడా లేదు. ఇప్పుడు ఒక పక్క కూర్చుంటే రెండో పక్క క్లాంపును పైకి లాగే బలం 708 న్యూటన్లు, సుమారు 72 కిలోలు. ఆరు వందల పైనుంచి డెబ్బై రెండుకి! పైపు అదే, మనిషీ ఆయనే. బలం నడిచే దారి మారిందంతే. వెల్డింగ్ పూర్తిగా మానలేదు. పైపుల చివర్లను కలిపే చోట వెల్డే వాడాం, అక్కడ బెండింగ్ దాదాపు సున్నా.

ఇంకో చిక్కు ఉంది. పడవ ఒరిగినప్పుడు కింది పక్క రెక్క నీళ్లలో మునిగితే బ్రేకు వేసినట్టే, ఒక్కోసారి బోల్తా కూడా. అంచు నీటికి 35 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. రెక్క లేకపోతే 26 డిగ్రీలు ఒరిగాక గానీ అంచు నీటిని తాకదు. తిన్నని రెక్క 17 డిగ్రీలకే తాకుతుంది. అందుకే పైపును మధ్యలో కొద్దిగా వంచి చివర్లు 15 సెంటీమీటర్లు పైకి లేపాం. 23 డిగ్రీల దాకా వెసులుబాటు దొరికింది. సీటుకి చెక్క బదులు వల కట్టాం. నీళ్లు నిలవవు, బరువు తక్కువ. మొత్తం కలిపి 12 కిలోలు పెరిగింది.

పోగొట్టుకున్నవీ ఉన్నాయి. ఒకే రకం పడవల పోటీల్లో ఇలాంటి మార్పులు ఒప్పుకోరు కాబట్టి ఆయన ఇక రేసులకు వెళ్లలేరు. గాలి హఠాత్తుగా పడిపోతే బయట కూర్చున్న మనిషి బరువుకే పడవ ఆయన మీదకు తిరగబడుతుంది. మనిషి ఎక్కువ ఆపగలుగుతున్నాడంటే మాస్ట్ కూడా అంత ఎక్కువ మోస్తున్నట్టే, అందుకే గాలి హద్దు దాటితే బయటికి వెళ్లొద్దని ఒప్పందం. స్టీలు బోల్టు, అల్యూమినియం కలిసిన చోట తుప్పు రాకుండా నైలాన్ వాషర్లు వేశాం. విశాఖ ఉప్పు నీళ్లలో అయితే దీనికి ఇంకా జాగ్రత్త కావాలి.

ఇంటర్వ్యూలో నలభై నిమిషాలు

ప్యానెల్‌లో ఇద్దరు. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అవగానే పైపు ముక్క బల్ల మీద పెట్టాను. మొదటాయన అడిగింది ఒకటే. ‘ఇక్కడే ఎందుకు విరిగింది, రెండంగుళాలు అవతల ఎందుకు విరగలేదు?’ లేచి బోర్డు మీద బెండింగ్ మొమెంట్ గీశాను. రెండో ఆవిడ అంత తేలిగ్గా వదల్లేదు. ‘వెల్డ్ చేశాక మళ్లీ హీట్ ట్రీట్ చేయొచ్చుగా?’ చేయొచ్చు మేడం, కానీ 530 డిగ్రీల దగ్గర వేడి చేసి నీళ్లలో ముంచాలి, పైపు వంకరపోతుంది, ఆ కొలిమి నాకు దొరకదు, వెల్డ్‌ను వేరే చోటికి జరపడమే చవక అన్నాను. ‘మరి ముందే ఎందుకు జరపలేదు?’ తెలియలేదు మేడం అన్నాను. సాఫ్ట్‌వేర్ పేరు ఒక్కరూ అడగలేదు. వారం తర్వాత ఆఫర్ మెయిల్ వచ్చింది. జీతం గొప్పదేం కాదు, డిజైన్ డిపార్ట్‌మెంట్ మాత్రం.

ఈ తరహా పని మీద ఆసక్తి ఉన్నవాళ్లకు దారులున్నాయి. గేట్‌లో 2022 నుంచి నేవల్ ఆర్కిటెక్చర్ అండ్ మెరైన్ ఇంజినీరింగ్ పేపర్ విడిగా ఉంది. ఐఐటీ మద్రాస్, ఖరగ్‌పూర్‌లలో ఈ సబ్జెక్టు చదవొచ్చు. విశాఖలోని ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్‌లో నేవల్ ఆర్కిటెక్చర్ బీటెక్ ఉంది, మీ తమ్ముళ్లకో చెల్లెళ్లకో చెప్పండి. హిందుస్థాన్ షిప్‌యార్డ్, డీఆర్‌డీఓ వారి ఎన్ఎస్‌టీఎల్ కూడా విశాఖలోనే ఉన్నాయి. షిప్‌యార్డుల నోటిఫికేషన్లలో మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లకూ పోస్టులుంటాయి. పడవ ఆకారాలు గీసి చూడాలంటే డెల్ఫ్‌ట్‌షిప్ ఉచిత వెర్షన్ చాలు. పడవే అక్కర్లేదు. మీ హాస్టల్ బాల్కనీలో బట్టలారేసే స్టాండు విరిగినా, ఎక్కడ విరిగిందో చూసి కాగితం మీద లెక్క వేయండి. ఆ ముక్కను పారేయకండి.

పోయిన నెల అంకుల్ ఫోన్ చేశారు. ‘ఏమయ్యా ఇంజినీర్, మనవరాలు కూడా ఎక్కుతానంటోంది. ఇద్దరం ఒకే పక్క కూర్చుంటే పైపు ఆగుతుందా?’ పాప బరువెంత అని అడిగాను. ముప్పై ఎనిమిది కిలోలట. లైన్లో ఉండమని కాగితం తీశాను. ఇద్దరూ కలిపి 113 కిలోలు, రెండున్నర రెట్లు, మొత్తం ఒక్క పైపు మీదే పడితే 282 మెగాపాస్కల్. కుదరదని చెప్పాను. గాలి తక్కువున్న రోజు, లైఫ్ జాకెట్ వేసుకుని, పాప కాక్‌పిట్ లోపలే కూర్చునేట్టయితే సరేనన్నాను.