బుధవారం బయల్దేరితే మంగళవారం దిగే దీవి

జులైలో ఆక్లాండ్ ఎలా ఉంటుందో ఇక్కడి తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వాన, ఈదురుగాలి, హీటర్ బిల్లు. పిల్లలకు రెండు వారాల సెలవులు రాగానే మనవాళ్లలో చాలామంది ఫిజీ టికెట్లు చూస్తారు. మేమూ రెండుసార్లు వెళ్లొచ్చాం. ఈసారి మాత్రం కుక్ దీవుల్లోని రారోటోంగాకు బయల్దేరాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమలాపురం దగ్గర మా ఊరి నుంచి మూడు నెలలు ఉందామని వచ్చిన అమ్మ.

ఆక్లాండ్ నుంచి నాలుగు గంటల ప్రయాణం. మధ్యలో విమానం అంతర్జాతీయ దినరేఖ దాటుతుంది. చలికాలంలో రారోటోంగా గడియారం మనకంటే 22 గంటలు వెనక. మేం బయల్దేరింది బుధవారం ఉదయం, తొలి ఏకాదశి. దిగింది మంగళవారం మధ్యాహ్నం. ‘‘అయితే రేపు మళ్లీ ఉపవాసం ఉండాలా?’’ అని అమ్మకు సందేహం వచ్చింది. కాసేపు ఆలోచించి తనే తేల్చేసింది. ‘‘క్యాలెండర్ వెనక్కి వెళ్తే వెళ్లింది, చంద్రుడు వెళ్లడుగా! ఇవాళే ఏకాదశి.’’

దేశం వేరైనా అక్కడ చెల్లేది న్యూజిలాండ్ డాలరే. 1965 నుంచి కుక్ దీవులకు సొంత ప్రభుత్వం ఉంది, ప్రజలకు మాత్రం న్యూజిలాండ్ పౌరసత్వం. వాళ్ల సొంత నాణేలూ ఉన్నాయి. మూడు పలకల రెండు డాలర్ల నాణెం చూసి మా అబ్బాయి ఖర్చు పెట్టనివ్వలేదు. ఆక్లాండ్‌లో అది చెల్లదు కాబట్టి ఒకటి రెండు దాచుకుని మిగతావి అక్కడే ఖర్చు చేసుకోవడం మేలు.

దీవి చుట్టూ 32 కిలోమీటర్ల రోడ్డు. దాని మీద తిరిగే బస్సులు రెండు రకాలు. ఒకదాని మీద ‘క్లాక్‌వైజ్’ అని, ఇంకోదాని మీద ‘యాంటీ క్లాక్‌వైజ్’ అని రాసి ఉంటుంది. అమ్మ లెక్కలో ఒకటి ప్రదక్షిణం, రెండోది అప్రదక్షిణం. నాలుగు రోజులూ మొదటిదే ఎక్కింది. పక్క వీధికి వెళ్లాలన్నా దీవి చుట్టూ తిరిగే వెళ్లాం.

సముద్రం సంగతికొస్తే, మనం చూసిన అంతర్వేది, ఓడలరేవు తీరాలకూ దీనికీ పోలికే లేదు. అక్కడిది గోదారి మోసుకొచ్చిన ఇసుక, గోధుమ రంగులో ఉంటుంది. ఇక్కడిది పగడాలు, గవ్వలు నలిగి పొడి అయిన తెల్ల ఇసుక. చిలుక ముక్కులాంటి నోరున్న చేపలు పగడాన్ని కొరికి తిని విసర్జించేది కూడా ఇందులో కలుస్తుందని చెప్తే పిల్లలు కాసేపు కాలు కింద పెట్టలేదు. దీవి చుట్టూ పగడపు గోడ ఉండటంతో పెద్ద అలలు దూరంగానే విరిగిపోతాయి. లోపల లగూన్ చెరువులా ఉంటుంది. తూర్పున మురి తీరంలో చాలాచోట్ల నడుము లోతే. చేపలు చూడాలంటే దక్షిణాన తితికవేక మేలు. నల్లగా, దోసకాయల్లా పడి ఉండే సముద్రజీవులు కాలికి తగులుతాయి. ఏమీ చేయవు, కానీ రబ్బరు చెప్పులు తప్పనిసరి.

ఒక్క హెచ్చరిక. లగూన్ చెరువులా ఉంది కదా అని పిల్లల్ని వదిలేయకండి. పగడపు గోడకు అక్కడక్కడా గండ్లు ఉంటాయి. లోపలికి వచ్చిన నీళ్లన్నీ వాటి గుండానే సముద్రంలోకి పోతాయి. దక్షిణ తీరంలో అవావరోవా లాంటి గండ్ల దగ్గర ఈతగాళ్లను కూడా ప్రవాహం లాక్కుపోయింది, ప్రాణాలు పోయాయి. ఎక్కడ దిగొచ్చో బస చేసిన చోట అడిగి దిగండి.

ఒక రోజు ఐతుతాకి వెళ్లాం. చిన్న విమానంలో ముప్పావు గంట. ఖర్చు ఎక్కువే, దాచను. కానీ కిటికీలోంచి ఆ లగూన్ కనిపించగానే మా ఆవిడ లెక్కలు అడగడం మానేసింది. 1950ల్లో ఆక్లాండ్ నుంచి తాహితీ వెళ్లే నీటి విమానాలు ఇంధనం కోసం ఈ లగూన్‌లోనే దిగేవి. ప్రయాణికులు ఆ సమయంలో ఈత కొట్టేవారట. ఇప్పుడు పడవలో చిన్న చిన్న దీవులు తిప్పుతారు. ‘వన్ ఫుట్ ఐలాండ్’లో పాస్‌పోర్టు మీద పాదం ముద్ర వేస్తారు. అమ్మ తన భారత పాస్‌పోర్టు ఇవ్వనంది. ‘‘దానితో ఆటలొద్దు, వీసా కోసం ఎన్ని తిప్పలు పడ్డామో!’’ అంది.

మేం దిగిన ఇంటావిడకు అరవై దాటాయి. ఆక్లాండ్‌లో ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి తిరిగి వచ్చేసింది. మొదటి రోజే అమ్మ మెడలో పూలదండ వేసి ‘‘కియా ఒరానా, మామా’’ అంది. ‘‘నన్ను మామ అంటుందేంట్రా?’’ అని అమ్మ బిత్తరపోయింది. అక్కడ పెద్దవాళ్లయిన ఆడవాళ్లను గౌరవంగా అలాగే పిలుస్తారు. కియా ఒరానా అంటే చిరకాలం జీవించమని దీవెన. మన ‘దీర్ఘాయుష్మాన్ భవ’ లాంటిదే, కాకపోతే కనపడిన ప్రతివాళ్లకూ చెప్తారు.

భాష తెలియకుండానే ఇద్దరూ వంటింట్లో కలిసిపోయారు. చేమాకు కొబ్బరిపాలలో గంటలకొద్దీ ఉడికించి చేసే ‘రుకావు’ అమ్మకు నచ్చింది. ‘‘గొంతు దురద పెట్టకుండా మేం చింతపండు వేస్తామని చెప్పు’’ అంది. ఏకాదశి కథ చెప్తే ఆవిడ గలగలా నవ్వింది. వాళ్లకూ చంద్రుడి లెక్క ఉంది. నెలలో ప్రతి రాత్రికీ ఓ పేరు. ఏ రాత్రి చేపలు పడతాయి, ఏ రోజు దుంపలు నాటాలి అన్నీ దాన్నిబట్టే. వాళ్ల అమ్మకు పేర్లన్నీ వచ్చట. ఆవిడకు సగమే వచ్చు. ఆక్లాండ్‌లోని మనవలకు ఒక్కటీ రాదు. కుక్ దీవుల్లో ఉండేది దాదాపు 15 వేల మంది. న్యూజిలాండ్‌లో ఆ మూలాలున్నవాళ్లు 80 వేలకు పైనే. వాళ్లలో భాష మాట్లాడగలిగేవాళ్లు చాలా తక్కువ. ఏటా ఇక్కడ కుక్ దీవుల భాషా వారం జరుపుతారు. నేను ఇన్నేళ్లూ దాన్ని పోస్టర్ల మీదే చూశాను.

ఆ ఇంటి ముందు, వరండాకు పది అడుగుల దూరంలో, తెల్ల సున్నం వేసిన నాలుగు సమాధులు ఉన్నాయి. దీవిలో చాలా ఇళ్లకు ఇంతే. మొదటి రెండు రోజులు అమ్మ అటు చూడకుండా నడిచింది. మూడో రోజు ఎవరెవరివో అడగమంది. ఆవిడ అమ్మానాన్నలవి, తాతమ్మది, చిన్నప్పుడే పోయిన తమ్ముడిది. ‘‘రేపు ఈ స్థలం అమ్మాల్సి వస్తే?’’ అని అమ్మ ప్రశ్న.

అక్కడ భూమి అమ్మకానికి చట్టం ఒప్పుకోదు. లీజుకు ఇవ్వొచ్చు, అదీ గరిష్ఠంగా 60 ఏళ్లు. తల్లి వైపు నుంచైనా తండ్రి వైపు నుంచైనా, ఆక్లాండ్‌లో పుట్టినా సిడ్నీలో పుట్టినా, పిల్లలందరికీ వాటా ఉంటుంది. ఇదంతా మంచే అని నేను అనను. తరాలు గడిచేకొద్దీ ఒక్క కొబ్బరితోటకు వందమంది వారసులు తేలతారు. ఒక గది కట్టాలన్నా కోర్టు దాకా వెళ్లాలి. ఆవిడ కూడా ఆ మాటే చెప్పి తల పట్టుకుంది.

అమ్మ దానికేమీ అనలేదు. మా ఊళ్లో పెంకుటిల్లు, పక్కన ముప్పావు ఎకరం కొబ్బరితోట బేరానికి వచ్చి అప్పటికి నెల. అన్నయ్య సరేనన్నాడు, నేనూ సరేనన్నాను. విదేశాల్లో ఉండి ఎవరు చూసుకుంటారు, దింపులవాళ్లు దొరకడం లేదు, ధర బాగుంది. కారణాలన్నీ నిజమే, ఇప్పటికీ నిజమే.

శనివారం పొద్దున అవరువాలో పునంగా నుయి సంతకు వెళ్లాం. బొప్పాయి, అరటి, సీమపనస, పూల కిరీటాలు. మధ్యాహ్నం విమానం ఎక్కి ఆదివారం సాయంత్రం ఆక్లాండ్‌లో దిగాం. పూలు, గవ్వలు, తినేవి ఏవున్నా డిక్లరేషన్‌లో రాయండి. దాస్తే 400 డాలర్ల జరిమానా. పూల కిరీటాన్ని అమ్మ ఆ ఇంటి ముందు సమాధి మీదే పెట్టి వచ్చింది.

కారులో ఉండగానే అన్నయ్య వాట్సాప్‌లో ఫోన్ చేశాడు, కొనేవాళ్లు అడ్వాన్సు పట్టుకొచ్చారని. అమ్మ ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది. ‘‘ఇప్పుడేం తీసుకోవద్దురా పెద్దోడా. దసరాకి వస్తున్నాగా, వీడినీ రమ్మంటాను. ముగ్గురం ఆ ఇంట్లోనే కూర్చుని మాట్లాడదాం.’’