లోపం చెప్పి అమ్మితేనే బర్కత్

ఇల్లు అమ్మటం ఏ కుటుంబానికైనా పెద్ద వ్యవహారమే. కూతురి నికాహ్ కోసమో, అప్పులు తీర్చటానికో, అన్నదమ్ముల పంపకాల కోసమో పెద్దలనాటి ఇంటిని బేరానికి పెడతాం. కొనేవాడు కూడా ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్ము తెచ్చి మన చేతిలో పోస్తాడు. ఇంత పెద్ద వ్యవహారంలో "అడిగితే చెబుదాం, అడగకపోతే మనకెందుకు?" అనే ధోరణి మనలో చాలామందికి ఉంది. దీన్ని షరీఅత్ అంగీకరించదు. దేశ చట్టమూ అంగీకరించదు.

అమ్మేవాడు, కొనేవాడు నిజం పలికి, ఉన్నది ఉన్నట్టు వివరించుకుంటే వారి బేరంలో శుభం (బర్కత్) కలుగుతుందనీ, దాచిపెట్టి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందనీ దైవప్రవక్త (స) సెలవిచ్చారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. మరో సందర్భంలో ఆయన బజారులో ధాన్యపు రాశిలోకి చెయ్యి పోనిస్తే లోపల తడి తగిలింది. వానకు తడిసిందన్నాడు వర్తకుడు. తడిసిన గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని అడిగి, మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. గోడల చెమ్మ కనబడకుండా రంగులు పూయించి ఇల్లు చూపించేవారు ఈ హదీసును గుర్తుచేసుకోవాలి.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహ్) కూఫా నగరంలో బట్టల వ్యాపారి. ఒక వస్త్రంలో లోపముందనీ, ఆ సంగతి చెప్పి అమ్మాలనీ భాగస్వామికి చెప్పారు. అతను మరచిపోయి చెప్పకుండానే అమ్మేశాడు. కొన్నదెవరో కూడా తెలియలేదు. ఇమామ్ గారు ఆ సరుకు సొమ్మంతా దానం చేసేశారని చరిత్రకారులు రాశారు. దాచిన లోపం తరువాత బయటపడితే వస్తువును తిప్పి ఇచ్చే హక్కు కొన్నవాడికి ఉందని ఫిఖ్‌హ్ చెబుతుంది. దీన్ని 'ఖియారె ఐబ్' అంటారు.

ఇక చట్టం సంగతి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, ఇంటిలోగానీ తన హక్కులోగానీ ఉన్న ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడే తెలియజేయాలి. కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపాల సంగతి ఇది. తెలిసీ చెప్పకపోతే దాన్ని మోసంగానే చట్టం భావిస్తుంది. కొనేవాడు కోరితే తన దగ్గరున్న హక్కు పత్రాలన్నీ చూపించాలి.

కాబట్టి బయానా తీసుకోకముందే మూల దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈ.సి., ఇంటి పన్ను రశీదులు, మంజూరైన ప్లాను, కరెంటు, నీటి బిల్లులు ఒకచోట సిద్ధం చేసుకోవాలి. తనఖా, కోర్టు దావా, అద్దెకున్నవారితో పేచీ ఉంటే ముందే చెప్పాలి.

అయితే కాగితాలు చెప్పని సంగతులు కూడా ఉంటాయి. మన షరీఅత్ ప్రకారం నోటిమాటతో ఇచ్చి, స్వాధీనపరచిన హిబా (దానం) రిజిస్ట్రేషను లేకుండానే చెల్లుతుంది. రిజిస్టరు కానిది ఈ.సి.లో కనిపించదు. తండ్రి బతికుండగా ఒక గదిని హిబాగా ఇచ్చి, స్వాధీనం చేసి ఉంటే, ఆ సంగతి అమ్మేవాడి నోటి నుంచే రావాలి.

అక్కచెల్లెళ్ళ వాటా మరీ ముఖ్యం. కొడుకు వాటాలో సగం కూతురిదని దివ్యఖుర్ఆన్ (4:11) నిర్ణయించింది. తల్లికి కూడా వాటా ఉంది. "చెల్లెలు వదిలేసిందిలే" అన్న మాట చాలదు. ఆమె మనఃపూర్వకంగా వదులుకుంటే హక్కు విడుదల పత్రం రాసి రిజిస్టరు చేయించాలి. లేదా అమ్మకం దస్తావేజుపై ఆమె సంతకం ఉండాలి. ఆమెకు తెలియకుండా అమ్మితే ఆమె హక్కు కాజేసినట్టే, కొన్నవాడిని కోర్టు పాలు చేసినట్టే. వక్ఫ్ భూమి అయితే దాన్ని అమ్మే హక్కే ఎవరికీ లేదు.

లోపం చెబితే ధర కొంత తగ్గవచ్చు. కానీ ఆ తగ్గిన సొమ్ము హలాల్. దానితో చేసిన నికాహ్‌లోనూ, తీర్చిన అప్పులోనూ బర్కత్ ఉంటుంది. అల్లాహ్ మనందరికీ వ్యవహారాల్లో నిజాయితీని ప్రసాదించుగాక! ఆమీన్.