తొలి చిత్రముల భాండారము

మఱ్ఱిచెట్టును చూచి ఆశ్చర్యపడువారు అనేకులు. దాని విత్తనమును చూడగోరువారు అరుదు. కళాకారుల విషయమునను ఇట్లే జరుగుచుండును. కీర్తి వచ్చిన పిమ్మట వారు చేసిన కృతులను లోకము భద్రపరచును. తొలినాటి ప్రయత్నములు మాత్రము అటకలపై చెదలపాలగును. నార్మన్ మెక్లారెన్ అను చలనచిత్రకారుని కథ ఇందులకు తార్కాణము.

మెక్లారెన్ 1914వ సంవత్సరమున స్కాట్లండు దేశమందలి స్టిర్లింగు పట్టణమున జన్మించెను. 1932లో గ్లాస్గో కళాపాఠశాలలో చేరెను. చలనచిత్రములన్న ఆతనికి మిక్కిలి మక్కువ. కాని కెమేరా లేదు. ఫిల్మనగా రసాయనపు పూత గల పారదర్శకమైన పట్టీ. దానిపైనున్న చిన్నచిన్న బొమ్మలు సెకనుకు 24 చొప్పున ప్రొజెక్టరు దీపము ముందు సాగిపోవునపుడు మన కంటికి చలనము గోచరించును. బొమ్మ ఉండవలెనే కాని, అది కెమేరా వలననే రావలెనను నియమము లేదు. ఈ సూక్ష్మమును గ్రహించిన ఆ యువకుడు పాత ఫిల్మును నానబెట్టి, పూతను కడిగివేసి, దానిపై రంగుసిరాలతో స్వహస్తమున చిత్రించెను. తెరపై రంగులు నాట్యమాడినవి.

అయితే ఆ చిత్రమునకు ఉన్నది ఒక్కటే ప్రతి. ప్రొజెక్టరులోని పండ్లచక్రములు పట్టీని లాగునపుడెల్ల దానిపై గీతలు పడును; అంచుల రంధ్రములు చిరుగును. చూచిన కొలదిని చిత్రము అరిగి, తుదకు నశించెను. నేడు దానిని ఎవ్వరును చూడజాలరు.

తరువాతి చిత్రములు అదృష్టవశమున నిలిచినవి. కళాపాఠశాలలోని ఒక దినచర్యను చూపు ‘సెవెన్ టిల్ ఫైవ్’ 1933 నాటిది. అచ్చటి క్రిస్మసు వేడుకను చూపు ‘కెమేరా మేక్స్ హూపీ’ 1935 నాటిది. హెలెన్ బిగ్గర్ అను శిల్పితో కలిసి 1936లో తీసిన ‘హెల్ అన్‌లిమిటెడ్’ ఆయుధ వ్యాపారమును ఖండించు చిత్రము. ఆతని తొలి చిత్రములు స్కాట్లండు జాతీయ గ్రంథాలయమునకు చెందిన చలనచిత్ర భాండారమున పదిలముగా నున్నవి. ఆతని లేఖలు, పత్రములు స్టిర్లింగు విశ్వవిద్యాలయమున కలవు. ఫిల్మునకు వేడిమియు, తేమయు శత్రువులు. అవి సోకినచో పట్టీ పులిసిన వాసన వేసి, ముడుచుకొని, పెళుసుబారును. అందుచే దానిని చల్లని, పొడి గదులలో దాచి, ప్రతులు తీయుదురు.

ఒక విద్యార్థి తీసిన చిత్రములకు ఇంతటి శ్రద్ధ ఏల యని మీరు అడుగవచ్చును. మెక్లారెన్ 1952లో కెనడాయందు ‘నైబర్స్’ అను చిత్రమును తీసెను. సరిహద్దున పూచిన ఒక్క పువ్వు కొఱకు ఇరుగుపొరుగువారు కలహించి, సర్వనాశనము తెచ్చుకొందురు. ఈ చిత్రము ఆస్కారు బహుమానము నందెను. 2009లో యునెస్కో దీనిని ప్రపంచస్మృతి పట్టికలో చేర్చెను. దీని వేరు పదునారేండ్లకు పూర్వపు యుద్ధవ్యతిరేక చిత్రమున కలదు. ఆ చిత్రము నిలిచినందుననే ఆ వేరును మనము చూడగలుగుచున్నాము. 1949లో ఎవిలిన్ లాంబార్టుతో కలిసి ఫిల్ముపైననే రంగులద్ది ‘బిగాన్ డల్ కేర్’ అను ప్రసిద్ధచిత్రమును చేసెను. దాని వేరు మాత్రము అరిగిపోయిన ఆ తొలి పట్టీతోనే పోయినది.

ఇట్టి నష్టము మనకును కలిగినది. తెలుగు చలనచిత్ర పితామహుడగు రఘుపతి వెంకయ్య నిర్మించిన ‘భీష్మప్రతిజ్ఞ’ 1921 నాటి మూకీచిత్రము. అది నేడు లభ్యము కాదు. పూనాలో జాతీయ చలనచిత్ర భాండారము 1964లో కాని ఏర్పడలేదు.

విద్యార్థులారా! ఏ విత్తనము మహావృక్షమగునో ముందుగా నెవరును చెప్పజాలరు. కావుననే అన్నింటిని దాచవలయును. మీ పాఠశాలలో లిఖితపత్రికయున్నచో దాని పాత సంచికలు ఎచ్చట నున్నవో నేడే విచారింపుడు.