ఓడ దిగాక మొదలయ్యే గాయం

2015 మార్చి 2న వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రేవులో ‘జార్గా’ అనే భారీ గ్యాస్ ఓడను కడుతుండగా ముందువైపు తాడొకటి తెగింది. అక్కడ తాళ్ల పని చూస్తున్న డెక్ అధికారి తలకు అది తగిలి తీవ్రగాయమైంది. ఆ రకం సింథటిక్ తాడు తెగినా పెద్దగా వెనక్కి కొట్టదని అంతవరకూ ఒక నమ్మకం ఉండేది. దాని చివర తగిలించిన సాగే తోకతాడు బలాన్నంతా దాచుకుని ఒక్కసారిగా వదులుతుందని బ్రిటన్ దర్యాప్తు సంస్థ చెప్పాక ఆ నమ్మకం చెదిరింది. ఓడలు కట్టే ఏర్పాట్ల మీద కొత్త అంతర్జాతీయ నిబంధనలు 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. తాడు గురించి ఇంత శ్రద్ధగా నేర్చుకున్న ఈ రంగం, అలాంటి దెబ్బ తిన్న తల రెండేళ్ల తర్వాత ఎలా ఉందో అడగదు. అడిగే పని ఎవరికీ అప్పగించలేదు మరి.

తల దెబ్బ మానడం వేరు, మెదడు కుదుటపడడం వేరు. కుట్లు ఊడతాయి, స్కానింగ్‌లో ఏమీ కనబడదు. ఆపైన నిద్ర పట్టదు, మాట మరుపు, చిన్నదానికే కోపం, వెలుతురు చూస్తే తలనొప్పి. మూర్ఛలు కొందరిలో నెలల తర్వాత, ఏళ్ల తర్వాత కూడా మొదలవుతాయి. నిచ్చెన జారి చీలమండ కీలు విరిగినవాడికి ఎముక అతుక్కున్న చాలా ఏళ్లకు కీళ్లవాతం రావచ్చు. వీటికి తోడు సముద్రం తెచ్చే ఆలస్యం ఒకటి. వందమంది, అంతకు మించి ఉండి, మూడు రోజులు దాటే అంతర్జాతీయ ప్రయాణం చేసే ఓడలకే డాక్టర్ తప్పనిసరి. పాతికమంది కూడా లేని సరుకు ఓడలో ఉండేది మందుల పెట్టె, వైద్య శిక్షణ పొందిన ఒక అధికారి, ఒడ్డు నుంచి వచ్చే సలహా. రోమ్‌లోని రేడియో వైద్య కేంద్రం 1935 నుంచీ ఆ సలహా ఇస్తోంది, అది ఎన్నో ప్రాణాలు నిలిపింది. కానీ సలహా శస్త్రచికిత్స చేయలేదు. ఒడ్డున గంటలో అందే వైద్యానికి అక్కడ రోజులు పట్టవచ్చు, ఆ రోజుల బాకీ శరీరం తర్వాత తీరుస్తుంది.

చట్టం లెక్క మాత్రం వారాల్లో నడుస్తుంది. 2013లో అమల్లోకి వచ్చి, 2015లో భారత్ ఆమోదించిన సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం గాయపడినవాడు కోలుకునేదాకా, లేదా వైకల్యం శాశ్వతమని తేలేదాకా వైద్యఖర్చు ఓడ యజమానిదే. అయితే ఆ బాధ్యతను గాయమైన రోజు నుంచి 16 వారాలకు కుదించుకునే వీలు దేశాలకు ఇచ్చింది. ఫ్యాక్టరీ కార్మికుడు మానాక అదే గేటుకు వెళ్తాడు, మార్పు పక్కవాడికి కనబడుతుంది. నావికుడు ఒప్పందం ముగిసి సైన్ ఆఫ్ అయ్యాక ఏ కంపెనీ మనిషీ కాడు. మళ్లీ ఓడ ఎక్కాలంటే మెడికల్ పాసవ్వాలి. తలనొప్పి ఉందని చెబితే అన్‌ఫిట్, చెప్పకపోతే ఉద్యోగం. శిక్షణకు అప్పు చేసి విశాఖ నుంచో శ్రీకాకుళం నుంచో ఓడ ఎక్కిన కుర్రాడు ఏం చెబుతాడో ఊహించడం కష్టం కాదు. ఇలా దాచిన బాధలు ఏ లెక్కలోకీ రావు. లెక్కలో లేవు కాబట్టి సమస్యే లేదంటారు. 2025 దాకా అమల్లో ఉన్న మన 1923 నాటి పరిహార చట్టం పట్టికలో బొటనవేలు మొత్తం పోతే 30 శాతం, చూపుడువేలు పోతే 14 శాతం అని ఉండేది. నిద్రకూ జ్ఞాపకానికీ అలాంటి వరస లేదు. వాటిని డాక్టర్ అంచనాకు వదిలేశారు. పదహారు వారాల్లో ఏ డాక్టరైనా ఏం అంచనా వేస్తాడు?

యజమానుల అభ్యంతరాన్ని తోసిపుచ్చలేం. ఏళ్ల తర్వాత వచ్చిన నడుమునొప్పి ఓడలోదో, ఇంటి దగ్గర బైకు మీదదో ఎలా తేలుతుంది? ఫిలిప్పీన్స్‌లో గాయపడిన నావికుల కేసుల చుట్టూ లాయర్ల బేరాలు ముదిరితే, 2015లో చట్టం చేసి వారి ఫీజును 10 శాతానికి కట్టడి చేయాల్సి వచ్చింది. కానీ ఈ తగాదాకు మూలం మధ్యకాలంలో ఎవరూ పరీక్షించకపోవడమే. తలకో వెన్నుకో దెబ్బ తిన్నవారిని ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు బీమా ఖర్చుతో పరీక్షించి నమోదు చేస్తే నిజమైన బాధకు ఆధారం దొరుకుతుంది, దొంగ కేసుకు దారి మూసుకుంటుంది. ఖర్చు భరించలేమనడమూ నిలవదు. సముద్ర రవాణా టన్నేజీలో దాదాపు 90 శాతానికి పూచీ పడుతున్న 12 పరస్పర బీమా క్లబ్బుల పనే నష్టాన్ని అందరికీ పంచడం. ఇక, జీతం ఎక్కువ, ప్రమాదం తెలిసే వెళ్లారు కదా అనే వాదన. జీతం పనికి ఇచ్చేది, కపాలానికి ముందే కట్టిన వెల కాదు.

దీర్ఘకాల వైకల్యానికీ మరణానికీ ఆర్థిక పూచీ చూపాలన్న సవరణ 2017 జనవరి నుంచి అమల్లో ఉంది. ఆ పూచీ పత్రాన్ని ఓడలో అందరికీ కనబడే చోట అంటించాలి. పదిహేడో వారంలో గాయపడినవాడు ఇంట్లో ఉంటాడు, పత్రం ఓడ గోడ మీద ఉంటుంది. దాని నకలు, గాయపడిన రోజు ఓడలో రాసిన వైద్య నమోదు అతని చేతికిచ్చి పంపాలి. ఇక బాకీ లేదని సంతకం పెట్టించే కాగితాన్ని రెండేళ్ల పరీక్ష అయ్యేదాకా ముందుకు తేకూడదు.