పొలం మోటారే రైలింజనులో

కల్లూరు చుట్టుపక్కల బోర్ల మీద తిరిగే త్రీఫేజు మోటార్లూ, ఖమ్మం మీదుగా గూడ్సులు లాక్కెళ్లే డబ్ల్యూఏజీ-9 ఇంజనులోని ఆరు మోటార్లూ ఒకే జాతివి. రెండూ ఇండక్షన్ మోటార్లే. బ్రష్షులుండవు, కమ్యుటేటర్ ఉండదు. అయినా పొలంలో మోటారు దాదాపు ఒకే వేగంతో తిరుగుతుంది. రైలు మోటారు మాత్రం వేల టన్నుల బరువును నిలిచిన చోటి నుంచి కదిలించి మెల్లగా వేగం అందుకోవాలి.

ఈ మోటారు వేగం ప్రధానంగా కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. గ్రిడ్డు మనకిచ్చేది 50 హెర్ట్జులే. భారీ కరెంటులో దాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చే స్విచ్చులు లేనన్నాళ్లూ మన రైల్వేలు డీసీ మోటార్లనే నమ్ముకున్నాయి. డబ్ల్యూఏజీ-7 వంటి ఇంజన్లలో మోటార్లకిచ్చే వోల్టేజిని మార్చే ట్యాప్ ఛేంజరుకు 32 మెట్లు. మెట్టు మారినప్పుడల్లా లాగుడు ఒక్కసారిగా ఎగబాకుతుంది. సత్తుపల్లి గనుల బొగ్గు నింపిన రేకును వానకు తడిసిన పట్టాల మీద కదిలించాల్సి వస్తే, చక్రం జారేది సరిగ్గా అక్కడే.

1990లలో ఏబీబీ సంస్థ నుంచి వచ్చిన సాంకేతికతతో ఈ చిక్కు తీరింది. 1998 నుంచి చిత్తరంజన్‌లో డబ్ల్యూఏజీ-9 ఇంజన్లు తయారవుతున్నాయి. పైతీగలోని 25,000 వోల్టుల ఏసీని ట్రాన్స్‌ఫార్మర్ తగ్గిస్తుంది, కన్వర్టర్ దాన్ని సుమారు 2,800 వోల్టుల డీసీగా మారుస్తుంది. అసలు పని ఆ తర్వాత ఇన్వర్టర్‌ది. అందులోని స్విచ్చులు సెకనుకు వందలసార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. కాలువ తూమును సగం తెరిచి ఉంచే బదులు, పూర్తిగా ఎత్తి, పూర్తిగా దించి, ఎంతసేపు ఎత్తి ఉంచామన్న దాన్నిబట్టి మడికి నీళ్లందించడం లాంటిది ఇది. సగం తెరిచిన స్విచ్చు వేడెక్కి మాడిపోతుంది; పూర్తిగా తెరిచినా మూసినా నష్టం స్వల్పం. పల్స్ విడ్త్ మాడ్యులేషన్ (పీడబ్ల్యూఎం) అనే ఈ పద్ధతికున్న బలమంతా ఇందులోనే ఉంది.

వోల్టేజి ముక్కలను మొదట సన్నగా, మధ్యలో వెడల్పుగా, మళ్లీ సన్నగా పేరిస్తే, వాటి సగటు ఏసీ తరంగంలా నడుస్తుంది. ముక్కల మధ్య ఎగుడుదిగుళ్లను మోటారు వైండింగే చదును చేస్తుంది. పేర్చే వరసను మారిస్తే వోల్టేజి, ఫ్రీక్వెన్సీ రెండూ మారతాయి. కదిలే వేళ ఒకటి రెండు హెర్ట్జులిచ్చినా చాలు. లాగుడు మెట్లుమెట్లుగా కాక నున్నగా పెరుగుతుంది. చక్రం జారబోతే కంప్యూటరు క్షణంలో లాగుడు తగ్గిస్తుంది.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది బ్రేకు వేళ జరిగే పని. ఫ్రీక్వెన్సీని చక్రం వేగానికి కాస్త దిగువకు దించితే చాలు, మోటారే జనరేటరవుతుంది. రైలు ఊపు కరెంటై పైతీగలోకి తిరిగి వెళ్తుంది.

ఇంజను బయల్దేరేటప్పుడు వినిపించే, మెట్లుమెట్లుగా మారే సన్నని కూత ఈ స్విచ్చుల వరస మారుతున్న చప్పుడే. భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు పిల్లలను ఒకసారి ఖమ్మం స్టేషనుకు తీసుకెళ్లి, ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి ఆ కూత వినిపించాలి. ఫ్రీక్వెన్సీ పాఠానికి అంతకన్నా మంచి ప్రయోగశాల మన జిల్లాలో దొరకదు.